వర్జీనియా తీరమున, బందరు రేవున

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



ఇంగ్లీషువారు అమెరికాలో వలసలు స్థాపించిన కథ పాఠశాల పిల్లలందరు చదువుదురు. ఆ ఇంగ్లీషువారే, ఆ సంవత్సరములలోనే, బందరు రేవున దిగిన సంగతియు చదువుదురు. ఆ రెండు కథలు రెండు వేరు పాఠములలో నుండుటచేత ఒకదాని ప్రక్కన మరియొకదానిని పెట్టి చూచువారు తక్కువ. పెట్టి చూచినచో ఒక ప్రశ్న పుట్టును. ఒకే నగరమునుండి, ఒకే కాలమున బయలుదేరిన ఓడలు ఒకచోట స్వతంత్ర దేశమునకును, మరియొకచోట పరపాలనకును బీజములగుటకు కారణమేమి? ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ యుపన్యాసము యొక్క ఉద్దేశము.

1600 డిసెంబరు 31వ తేదీన ఎలిజబెత్తు రాణి తూర్పు దేశములతో వర్తకము చేయుటకు లండను వర్తకులకు సన్నదు నొసగెను. అదే ఈస్టిండియా కంపెనీ. 1606లో ఆమె తరువాతి రాజగు మొదటి జేమ్సు అమెరికా తూర్పు తీరమున వలస నెలకొల్పుటకు మరియొక సన్నదు నొసగెను. అది వర్జీనియా కంపెనీ. తూర్పు కంపెనీకి తొలి గవర్నరు సర్ థామస్ స్మైతు అను వర్తకుడు. 1609 మొదలు 1619 వరకు వర్జీనియా కంపెనీకి కోశాధికారియై పెత్తనము చేసినవాడును అతడే. ఆ రెండు కార్యములకును రాజు తన బొక్కసమునుండి పైకము పెట్టలేదు. వర్తకులే వాటాలు వేసికొని మూలధనము కూర్చుకొనిరి. నలుగురు రైతులు కలిసి చెరకు గానుగ పెట్టుకొని, ఎవరి వాటాకు తగిన లాభము వారు పంచుకొనినట్లే ఇదియు.

మొదట వర్జీనియా సంగతి. 1607 మే నెలలో నూరుమందికి పైగా పురుషులు మూడు ఓడలలో వచ్చి ఒక నదీతీరమున దిగి, తమ రాజు పేరిట జేమ్సుటౌను అను కోటపల్లె కట్టిరి. వారిలో అనేకులు బంగారము దొరకునని వచ్చినవారు. సేద్యము తెలిసినవారు తక్కువ. ఆ దేశపు మూలవాసులకు పౌహతాను అను రాజు కలడు. అతని జనులు పండించిన మొక్కజొన్న లేనిదే తెల్లవారికి మొదటి యేడు గడిచెడిది కాదు. స్నేహము చెడినపిమ్మట ఆహారము దొరకదాయెను. 1609-10 చలికాలమున సుమారు 500 మందిలో మిగిలినవారు 60 మంది మాత్రమే.

ఆ వలసను నిలిపినది బంగారము కాదు, పొగాకు. 1612 ప్రాంతమున జాన్ రాల్ఫ్ అను నతడు ఇంగ్లండు బజారులో చెల్లుబడి యగు పొగాకును పండించి చూపెను. పొగాకు భూసార మెట్లు లాగివేయునో గుంటూరు, కృష్ణా రైతులకు వేరుగ చెప్ప నక్కరలేదు. పాత చెలక సారము తగ్గగానే కొత్త చెలక కావలసి వచ్చెను. కొత్త చెలక మూలవాసులది. ఓడ కూలి పెట్టుకొని వచ్చిన ప్రతి మనిషికిని 50 ఎకరముల చొప్పున భూమి ఇచ్చుట 1618 మొదలు కంపెనీ పద్ధతి యయ్యెను. ఇంగ్లండులో సెంటు భూమి లేని వానికి అది ఎంత ఆశయో ఊహింపవచ్చును. 1619లో అచటి వలసవాసులు ప్రతినిధుల నెన్నుకొని సభ చేసికొనిరి. ఆ సంవత్సరమే ఆఫ్రికానుండి చెరపట్టి తెచ్చిన ఇరువదిమందికి పైగా మనుష్యులను ఆ తీరమున అమ్మిరి. స్వపరిపాలనయు బానిసత్వమును ఒకే యేట ఒకే గడ్డమీద అడుగుపెట్టెను. 1622లో మూలవాసులు తిరుగబడి 347 మంది వలసవారిని చంపిరి. 1624లో కంపెనీ సన్నదు రద్దయి వర్జీనియా రాజు చేతిక్రిందికి వచ్చెను.

1620లో మతవిషయమున రాజుతో పొసగనివారు కొందరు, మరికొందరితో కలిసి, 102 మంది మేఫ్లవరు అను ఓడలో ప్లిమతున దిగిరి. వారిలో సగము మంది మొదటి చలికాలమున మరణించిరి. అయినను తక్కినవారు తిరిగి పోలేదు. వీరు భార్యాబిడ్డలతో వచ్చిరి. ఇల్లు కట్టిరి, దున్నిరి, ప్రార్థనామందిరము కట్టిరి. ఇట్లు ఒకదాని తరువాత ఒకటిగా 1733లో జార్జియా చేరునప్పటికి 13 వలసలు ఏర్పడెను.

ఇక బందరు సంగతి. జేమ్సుటౌను పుట్టిన నాలుగేండ్లకు, 1611లో, తూర్పు కంపెనీవారి గ్లోబు అను ఓడ కోరమాండలు తీరమునకు వచ్చెను. దాని వర్తకులలో ముఖ్యులు పీటరు ఫ్లోరిసు, లూకాసు ఆంథ్యూనిసు అను నిద్దరు. వారు పుట్టుకచే డచ్చివారు, కొలువుచే ఇంగ్లీషువారు. మొదట పులికాటు చేరగా, అచట అంతకుముందే వేంకటపతిరాయలవలన కౌలు పొందియున్న డచ్చివారు వీరిని దిగనీయలేదు. అప్పుడు ఓడ ఉత్తరముగ నడచి ఆగస్టు నెలలో పెద్దపల్లికిని, అచటనుండి బందరునకును వచ్చెను. పెద్దపల్లి యనగా నేటి నిజాంపట్టణము. ఆనాడు ఈ సీమ గోలకొండ కుతుబ్‌షాహీ సుల్తానులది.

వీరు ఈ తీరము నేల కోరిరి? కృష్ణాతీరపు భూమి కొరకు కాదు. లండనువారికి కావలసినది మిరియము, జాజి, లవంగము. అవి దొరకు దీవులలో ఇంగ్లండు ఉన్నిబట్ట కొనువారు లేరు. ఆ ఉక్కలో ఉన్ని ఎవరికి కావలెను? అచటి జనులు కోరినది తెలుగు సాలెల నూలుబట్ట, తెలుగువారి అద్దకపు బట్ట. కనుక వెండి తెచ్చి బందరులో బట్ట కొని, ఆ బట్ట నిచ్చి దీవులలో మిరియము కొని లండను చేర్చుట వారి లెక్క. పెద్దపల్లి ప్రాంతమున దొరకు చిరివేరు ఇచ్చు ఎరుపునకు దేశాంతరములలో పేరుండెను. ఉతికినకొలది తేటపడు ఆ రంగు వలననే బందరు అద్దకమునకు ప్రఖ్యాతి. పెడన, బందరులలో ఆ పని నేటికిని సాగుచున్నది.

ఇట్లు వర్జీనియాకు పోయినవారికి కావలసినది నేల. ఆ నేలమీది మనుష్యులు వారికి అడ్డు. బందరునకు వచ్చినవారికి కావలసినది మనుష్యుల చేతిపని. సాలెవాడు, అద్దకపువాడు లేనిదే వారికి వర్తకము లేదు. అచటికి నాగలి పోయినది, ఇచటికి తక్కెడ వచ్చినది. అందుచేతనే అచటి మూలవాసులు తమ యూళ్ళనుండి తరుమబడిరి, ఇచటివారు తమ యూళ్ళలోనే యుండి కాలక్రమమున పరాధీనులైరి.

తక్కెడ పట్టినవాడు మెత్తనివాడని తలపరాదు. ఫ్లోరిసు 1613 చివర బందరునకు తిరిగి వచ్చి, మరుసటి యేడు తిరుగు ప్రయాణమునకు సిద్ధపడుచు, స్థానికాధికారులవలన రావలసిన బాకీ అడిగి అడిగి విసిగెను. తుదకు సుంకపు చావడినుండి అధికారి కుమారుని బలవంతముగ పట్టి ఓడలోనికి చేర్చెను. ఆ యువకుడు బ్రాహ్మణుడగుటచే ఓడలో అన్నపానములు ముట్టక ఉపవసించెను. బంధువులు కంగారుపడి బాకీ చెల్లించిన పిమ్మటనే అతడు విడువబడెను. ఇంగ్లీషువారికి అప్పటికి ఈ తీరమున కోట లేదు, దండు లేదు. ఉన్నవి ఒక ఓడ, ఒక ఖాతాపుస్తకము. ఆ ఖాతా వెనుక చేయి దేనికైనను సాగునని ఆనాడే తెలిసినది.

అధికారుల పోరు పడలేక ఇంగ్లీషువారు 1628లో బందరు విడిచి, రెండేండ్లకు ముందు తాము కొట్టు పెట్టుకొనిన నెల్లూరు తీరపు దుగరాజపట్టణమునకు పోయిరి. కొంతకాలమునకు మరల వచ్చిరి. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా వారికి ‘బంగారు ఫర్మానా’ యని పేరొందిన పత్రము నొసగెను. సాలీనా 500 వరహాల సుంకము చెల్లించి గోలకొండ రాజ్యపు రేవులలో వర్తకము చేసికొనుటకు అది అనుమతి. ఆ పత్రము బలమున వీరవాసరమున, నరసాపురము చెంత మాధవాయపాలెమున కొట్లు వెలసెను. మాధవాయపాలెపు పేరు ‘మడపోలము’గా మారి, ఒక తెల్లబట్టకు పేరై ఐరోపా యంతట ప్రాకెను. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు సముద్రతీరమున కొంత నేల నిచ్చి కోట కట్టుకొన నిచ్చెను. అదే చెన్నపట్టణము. 1641లో కంపెనీ పెత్తనము బందరునుండి అచటికి మారెను. తక్కెడ పెట్టుకొన చోటడిగినవారు గోడ కట్టుకొన చోటు సంపాదించిరి.

ఈ ఘట్టము వినునప్పుడు భాగవతములోని వామనుడు జ్ఞప్తికి రాకమానడు. మూడడుగుల నేల చాలునని వచ్చినవాడు ముల్లోకములును కొలిచెను. అయితే ఒక భేదమున్నది. బలిచక్రవర్తికి శుక్రాచార్యుడు ముందే చెప్పెను, వచ్చినవా డెవడో, ఇచ్చిన నేమగునో అతడెరుగును, ఎరిగియే ఇచ్చెను. తన సొత్తును తానే ధారపోసెను. తెలుగు సీమ దానమైన విధము వేరు.

1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. తరువాతి కాలమున సీమ నిజాము క్రిందికి వచ్చెను. 1750లో ఫ్రెంచివారు బందరు పట్టుకొనిరి. 1753లో సలాబతుజంగు వారికి ఉత్తర సర్కారులను తమ దండు జీతమునకై ఇచ్చెను. ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములకు 1756 మొదలు 1763 వరకు మహాయుద్ధము జరిగెను. అది అమెరికా అడవులలోను జరిగెను, ఈ కృష్ణాతీరమునను జరిగెను. 1759 ఏప్రిలు నెలలో కర్నలు ఫోర్డు రాత్రివేళ మొనచేసి బందరు కోటను ఫ్రెంచివారినుండి గెలిచెను. వెంటనే సలాబతుజంగు బందరు, నిజాంపట్టణము మొదలగు ప్రాంతములను ఇంగ్లీషువారి కొసగెను.

ఇక 1765. ఈ సంవత్సరమును జ్ఞాపకముంచుకొనవలెను. ఆ యేడు క్లైవు ఢిల్లీ పాదుషా షా ఆలమువలన చికాకోలు, రాజమహేంద్రవరము, ఏలూరు, కొండపల్లి, గుంటూరు అను అయిదు సర్కారులకు ఫర్మానా పొందెను. ఆ పాదుషాకు ఢిల్లీలోనే అధికారము లేదు. ఇంగ్లీషువారి అండన అలహాబాదులో కాలము గడుపుచుండెను. తనచేత లేని దానిని అతడు దానము చేసెను. 1766లో కంపెనీ సేనాని కెయిలౌడు బందరులో ఆ ఫర్మానాను ప్రకటించి, కొండపల్లి కోట పట్టుకొనెను. ఆ యేటనే నిజాముతో సంధి జరిగి, సాలీనా పేష్కషు చెల్లించు నొప్పందమున సర్కారులు కంపెనీకి చెందెను. ఈ రాయబారములలో కాండ్రేగుల జోగిపంతులు పనిచేసిన సంగతి చరిత్రలో కలదు. గుంటూరు సర్కారు మాత్రము 1788లో చేతికి వచ్చెను. ఇంత జరిగినను నూజివీడు చెరువు క్రింద దున్నువానికి గాని, దివిసీమలో నాటు వేయుదానికి గాని తమ యేలిక మారిన విషయము పత్రము ద్వారా తెలియలేదు. శిస్తు అడుగ వచ్చినవాని తలపాగా మారినప్పుడు తెలిసెను.

అదే 1765లో లండను పార్లమెంటు అమెరికా వలసలమీద స్టాంపు చట్టము విధించెను. ఆ మహాయుద్ధపు వ్యయము పూడ్చుకొనుటకై దస్తావేజులకు, వార్తాపత్రికలకు, తుదకు పేకముక్కలకు కూడ సర్కారు ముద్ర కొనవలెనని దాని సారాంశము. అచటివారు ఆ చట్టమును చదివిరి. పత్రికలలో వాదించిరి. తమ ప్రతినిధులు లేని సభ తమమీద పన్ను వేయరాదనిరి. ముద్రకాగితము కొనమనిరి. 1766 మార్చిలో పార్లమెంటు ఆ చట్టమును రద్దుచేసెను. ఆ 1766లోనే బందరులో ఫర్మానా చదువబడినది. ఒకే కాలమున రెండు కాగితములు. ఒకటి చినిగిపోయెను, ఒకటి నిలిచిపోయెను. ఏడేండ్లకు, 1773 డిసెంబరులో, ఈ తూర్పు కంపెనీవారి తేయాకు పెట్టెలు 342 బోస్టను రేవున సముద్రము పాలయ్యెను. 1776లో ఆ 13 వలసలు స్వతంత్రము ప్రకటించుకొనెను.

భేదమెచట నున్నది? అచటివారు స్వజాతీయులగుట, తుపాకి చేతనుండుట, సముద్రము అడ్డుగా నుండుట, ఇవన్నియు కారణములే. కాని మరియొక కారణము గ్రంథాలయ సభలో చెప్పదగినది కలదు. మసాచుసెట్సు వలసవారు 1647లోనే ఒక శాసనము చేసిరి. 50 గడపలున్న ప్రతి యూరును చదువు, వ్రాత నేర్పు ఉపాధ్యాయుని పోషింపవలెను. 100 గడపలున్న యూరు పై తరగతి పాఠశాల పెట్టవలెను. 1731లో ఫిలడెల్ఫియాలో బెంజమిను ఫ్రాంక్లిను తన మిత్రులతో చందాల గ్రంథాలయము స్థాపించెను. అప్పటికి చందాదారులు 50 మంది. తలకు 40 షిల్లింగులు మొదట, ఏటేట 10 షిల్లింగులు. ఇట్టి గ్రంథాలయములు సామాన్యులగు వర్తకులకును రైతులకును వివేకము కలిగించి, హక్కుల కొరకు నిలుచుటకు తోడ్పడెనని ఫ్రాంక్లిను తన స్వీయచరిత్రలో అభిప్రాయపడెను.

ఇంతమాత్రమున అమెరికా వలసవారు ధర్మమూర్తులని అనరాదు. చదువు తెలిసినవారే చదువు తెలియనివారిని మోసగించిరి. 1737లో పెన్సిల్వేనియా పాలకులు లెనాపే అను మూలవాసులకు ఒక పాత పత్రము చూపిరి. ఒకటిన్నర రోజులో మనిషి నడచునంత దూరము భూమి తమకు చెందునని అందున్నదనిరి. మూలవాసులు మామూలు నడక యనుకొని సరే యనిరి. పాలకులు ముందుగ దారి కొట్టించి, వేగముగ నడచు ముగ్గురిని కూలికి పెట్టిరి. వారిలో తుదివరకు పోయినవాడు 60 మైళ్ళకు పైగా పోయెను. సుమారు 12 లక్షల ఎకరములు ఆ నడకలో పోయినవి. వామనుని అడుగులు పురాణములలోనే కాదు, దస్తావేజులలోను కలవని దీనివలన తెలియును. ఆ దేశపు స్వాతంత్ర్యము నల్లవారికి దాస్యవిముక్తి నీయలేదు. బానిసకు చదువు నేర్పుట నేరమని కొన్ని రాష్ట్రములు శాసించెను. చదువు విలువ యజమాను లెంత చక్కగ నెరిగిరో ఆ శాసనమే చెప్పుచున్నది.

తెలుగునాట చదువు లేకపోలేదు. భారత భాగవతములు పుట్టిన నేల యిది. తాటియాకు ఇచట విస్తారము. కాని పురాణము వినుట అందరిది, లెక్క చదువుట కొందరిది. గ్రామమున కంతకు సంబంధించిన భూమి లెక్క కరణము ఇంటి అటకపై కవిలెకట్టలో నుండెడిది. తన పొలము ఎన్ని కుంటలో, తన శిస్తు ఎన్ని రూకలో తెలిసికొనుటకు రైతు ఆ గుమ్మమున నిలువబడవలెను. కరణములలో సత్పురుషు లనేకులు కలరు. అయినను ఒకని మంచితనముమీద ఊరి హక్కు ఆధారపడియుండుట మంచిది కాదు. నవాబు పోయి కంపెనీ వచ్చినప్పుడు, కంపెనీకి చేతికందినది ఆ కవిలెకట్టయే. ఆ కట్ట చేతబట్టినవానిది ఊరు. కరణపు ఉద్యోగములు 1984లో రద్దయినవి. లెక్క చదువలేనివాని యిబ్బంది మాత్రము ఉద్యోగముతో రద్దు కాదు.

అట్లు చేజిక్కిన సీమనుండి కంపెనీ శిస్తు తీసికొనెను. నందన నామ సంవత్సరమున, 1832-33లో, డొక్కల కరువు వచ్చి గుంటూరు సీమలో 5 లక్షల జనములో సుమారు 2 లక్షలు నశించిరి. కృష్ణ ప్రక్కనే పారుచుండెను. నీరు సముద్రము పాలగుచుండెను. బెజవాడ ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తియయ్యెను. సర్కారులు చేజిక్కిన తొంబదియేండ్లకు గాని పొలమునకు నీరు రాలేదు. ఆ నీటివలన ఈ డెల్టా బ్రతికెననుట సత్యము, తొంబదియేండ్ల ఆలస్యమును సత్యము. ఆ పాత ఆనకట్ట స్థానమున 1957లో ప్రకాశము బ్యారేజి నిలిచినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచి, ఆ ప్రాంతమున సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొనెను. బందరు రేవు మరల పూర్వవైభవము చూడలేదు. నాటి కోట శిథిలములు, డచ్చివారి సమాధులు నేటికిని అచట చూడవచ్చును.

చదువు కొద్ది ఇండ్లలో నుండరాదని గుర్తించినవారు ఈ గడ్డమీదనే పుట్టిరి. 1914 ఏప్రిలులో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై సంఘముగా నేర్పడిరి. అయ్యంకి వేంకటరమణయ్యగారు ఆ యుద్యమమునకు జీవిత మర్పించిరి. ఊరూర గ్రంథాలయము వెలసినది ఆ స్ఫూర్తివలననే. స్వరాజ్యము గూర్చిన పత్రిక మొదట చదివి వినిపింపబడినది అనేక గ్రామములలో గ్రంథాలయపు అరుగుమీదనే.

ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. కథలు, కావ్యములు, పురాణములు ఇచట చదువబడుచున్నవి, చదువబడవలెను. వానితోపాటు మరియొక చదువును ఇచట సాగవలెను. పట్టాదారు పుస్తకము, సర్వే నోటీసు, బ్యాంకి అప్పుపత్రము, పంచాయతీ లెక్క, ఇవి చదువలేని పెద్దవారు ఊరిలో ఇంకను కలరు. వారమున కొక సాయంకాలము చదువుకొనిన యువకు డొకడు ఇచట కూర్చుండి, ఎవరు ఏ కాగితము తెచ్చినను చదివి, అర్థము చెప్పి, వ్రేలిముద్ర వేయకముందే సందేహము తీర్చినచో, అది వేయి పుస్తకముల దానముకంటె తక్కువ కాదు. క్రమముగ ఆ తెచ్చినవారికే అక్షరములు నేర్పినచో అంతకంటె మేలు.

బందరులో 1766లో ఫర్మానా చదువబడిననాడు వినినవారు కొందరే, అర్థమైనవారు ఇంకను కొందరు. ఇకమీదట ఈ యూరి విషయమై వ్రాయబడు ఏ పత్రమును ఈ యూరివారికి తెలియకుండ చదువబడరాదు. ఆ పనికి ఈ గ్రంథాలయము అరుగై నిలుచుగాక.

స్వస్తి.